పడుగు మీదున్న మగ్గం

జూన్ 9, సోమవారం

నోటితో అన్న మాట నాలుగు ఊళ్ళు తిరిగి వస్తుంది. అందుకే ఈ రోజు నుంచి రాసుకుంటున్నాను. విత్తనాల అంగడి వాడు జనవరిలో ఇచ్చిన డైరీ, అయిదు నెలలుగా ఖాళీగా పడి ఉంది. పట్టు దారం తీసే రీలింగ్ గదిలో పట్టుగూళ్ళ సంచుల వెనక పెడతాను. నా భార్య సావిత్రికి చదవడం వచ్చు, అదే ఇబ్బంది.

ముందు కేసు సంగతి తేదీలతో రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా మాట మారిస్తే నా దగ్గర ఉంటుంది.

ధర్మవరంలో మగ్గాల షెడ్డు. ఆరు మగ్గాలు, నేతలో పూలు దించే డిజైను అట్టలు. నేనూ ఏసురత్నమూ ఇరవై రెండేళ్ళు కలిసి నడిపాం. పట్టు నాది, హిందూపురంలో నా రీలింగ్ నుంచి పోయేది. నేత వాడిది. వాడు పోయి రెండేళ్ళయింది. వాడి భార్య జయమ్మ వచ్చి మా వాటా మాకివ్వు అని కూర్చుంది. తగువు వస్తే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని పార్ట్‌నర్‌షిప్ కాగితంలో ఉంది కాబట్టి పెనుకొండ పోయాం. అక్కడ ఒక రిటైర్డ్ జడ్జి గారు, ఆయన ఇంటి వరండాలోనే పధ్నాలుగు వాయిదాలు. మార్చి 20న ఆయన అవార్డు, అంటే మధ్యవర్తి తీర్పు, ఇచ్చారు. రీలింగ్ నాకంట. షెడ్డూ మగ్గాలూ అట్టలూ జయమ్మకంట. రెండు నెలల్లో అప్పజెప్పాలంట.

వాటా వదులుకుంటున్నట్టు జయమ్మ సంతకం పెట్టిన కాగితం ఒకటి నా దగ్గరుంది. దాన్ని జడ్జి గారు నమ్మలేదు. దాని గురించి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

ఆ అవార్డు కొట్టేయమని ఏప్రిల్ 28న హిందూపురం కోర్టులో కేసు వేశాను. కేసు నడుస్తోంది. కేసు నడిచినంత కాలం షెడ్డు తాళం నా చేతిలోనే ఉంటుంది. భయపడాల్సింది ఏమీ లేదు.

జూన్ 10

మా వకీలు ప్రవీణ్ పిలిచాడు. ముప్పై రెండేళ్ళ పిల్లవాడు, మాట్లాడేటప్పుడు పెన్ను తిప్పుతూ ఉంటాడు. నాకు ఆ అలవాటు నచ్చదు.

"అంజనప్పన్నా, కేసు వేసినంత మాత్రాన ఏమీ ఆగదు. స్టే కావాలని వేరేగా పిటిషన్ వేయాల. అది లేకుంటే వాళ్ళు ధర్మవరం కోర్టులో అమలుకు పోవచ్చు, కోర్టు అమీనా వచ్చి తాళం తీసుకునిపోతాడు" అన్నాడు.

కేసు తేలకుండానే అమలు ఎట్లా చేస్తారయ్యా అంటే, 2015 నుంచి చట్టం మారిందంటాడు. స్టే ఇవ్వాలంటే కోర్టు హామీ అడుగుతుందట, అందుకు నా ఆస్తులన్నీ ఒక అఫిడవిట్‌లో రాసి సంతకం పెట్టాలట. ఇల్లు, రీలింగ్, అమరాపురం దగ్గర మా నాయన చేను, అన్నీ.

నా ఆస్తుల లిస్టు ఎవరికి కావాలి? నాకు వద్దు. నాకు తెలుసు నాకేముందో. ఆ కాగితం కోర్టులో పడితే మొట్టమొదట చదివేది జయమ్మ వకీలు. ఆలోచించి చెప్తానన్నాను.

ప్రవీణ్ చదివింది అనంతపురంలో. జయమ్మ వకీలు కూడా అక్కడే చదివాడంట. కనుక్కోవాలి.

జూన్ 11

పట్టుగూళ్ళ మార్కెట్ ఎదురు హోటల్లో హనుమంతును పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు కోర్టులో అటెండరుగా చేసి 2012లో రిటైరయ్యాడు. బోండా తింటూ నవ్వాడు. "ఏమప్పా, కేసు నంబరు పడినాక ఎవడు ముట్టుకుంటాడు? నా సర్వీసులో ఒక్కటి సూడలేదు. కేసు ఉండాదంటే స్టే ఉన్నట్టే."

అదీ మాట. అనుభవం ఉన్నవాడి మాట. ప్రవీణ్‌కు ఇంకో పిటిషన్ అంటే ఇంకో ఫీజు.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం కోపం ఆపుకోలేకపోయాను. తీర్పు రాగానే జయమ్మ షెడ్డు తనదే అయిపోయిందని ధర్మవరంలో చెప్పుకుంటోందని మార్కెట్లో ఎవరో అన్నారు. భోజనం మధ్యలో లేచి ఆమెకు ఫోన్ చేశాను. సావిత్రి వంటింట్లో రాగిముద్ద కెలుకుతోంది.

గట్టిగానే అడిగాను. "స్టే చేతికి రానీ, అప్పుడు చెప్తా నీ సంగతి. అంతవరకు షెడ్డు చాయలకు వచ్చినావంటే మర్యాదగా ఉండదు" అన్నాను.

 ఆమె "సరే అన్నా" అని పెట్టేసింది.

భయపడింది. ఇట్లాంటివాళ్ళకు గొంతు పెంచితేనే అర్థమవుతుంది.

జూన్ 13

నిద్ర బాగా పట్టింది.

జూన్ 15, ఆదివారం

ధర్మవరం పోయి వచ్చాను. షెడ్డు చూసుకునేది తిరుపాలు. ఏసురత్నం దగ్గరే నేత నేర్చుకున్నాడు, అతని భార్య నల్లమ్మ కూడా అక్కడే ఒక మగ్గం మీద కూర్చుంటుంది.

రైల్లో పోతూ పోతూ నాకొక ఆలోచన తట్టింది. ధర్మవరంలో పడుగు మీదున్న మగ్గాన్ని, అంటే నిలువు పోగులు ఎక్కించి నేత నడుస్తున్నదాన్ని, ఎవరూ కదిలించరు. సగం నేసిన చీరను కోసి మగ్గం ఎత్తడం అంటే వాళ్ళకు ఇంట్లో దీపం ఆర్పినట్టు. అమీనా వచ్చినా మగ్గాలు మోయడానికి కూలీలు కావాలి కదా, ఆ కూలీలు ఈ ఊరివాళ్ళే కదా. పడుగు ఉందంటే ఒక్కడు చెయ్యి వేయడు. కాబట్టి ఏ మగ్గమూ ఖాళీ కాకూడదు. మూడు చీరలకు ఒక పడుగు అయిపోతుంది. అది అయిపోకముందే దాని చివరి పోగులకు కొత్త పడుగు అతికించేయాలి. పట్టు నేను పంపుతాను. ఎంతైనా పంపుతాను.

తిరుపాలుకు ఇదంతా చెప్పలేదు. మగ్గాలు ఖాళీ పెట్టొద్దు, అంతే అన్నాను. అతను తల గోక్కున్నాడు. "అన్నా, ఈ సీజన్‌లో అన్ని చీరలు యాడ అమ్ముతాం?" అన్నాడు. నువ్వు నెయ్యి, అమ్మేది నేను చూసుకుంటా అన్నాను.

తల ఎందుకు గోక్కున్నాడు?

జూన్ 24

అవార్డు కాపీ చేతికందినప్పటి నుంచి ఈ రోజుతో ఏదో మూడు నెలల గడువు ముగిసిందని, ఇకమీద వాళ్ళు అమలుకు పోవచ్చని, సంతకానికి తప్పకుండా రమ్మని ప్రవీణ్ మెసేజ్ పెట్టాడు. నేను చూసినట్టు తెలియకూడదని ఫోన్‌లో ఆ నీలం టిక్కులు తీసేయించాను. మార్కెట్లో సెల్ అంగడి వాడు తీసేశాడు.

జూలై 2

ఏమీ జరగలేదు. చూశారా.

జూలై 8, మంగళవారం

చెప్పకుండా పోయాను. చెప్పి పోతే ఏం కనిపిస్తుంది? ధర్మవరం స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి, షెడ్డుకు రెండు వీధుల ముందే దిగి నడిచాను.

లోపల జయమ్మ కూర్చుని ఉంది.

నాలుగో మగ్గం వెనక నేల మీద కాళ్ళు ముడుచుకుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పడుగు పోగులకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. నాలుగు వేల పైచిలుకు పోగులు. సగం అయినట్టున్నాయి. నల్లమ్మ పక్కన కూర్చుని పోగులు విడదీసి ఇస్తోంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నన్ను చూసి నల్లమ్మ లేచి నిలబడింది. జయమ్మ లేవలేదు. చేతిలో పోగు ఉంది, అది అతికాకే తలెత్తింది.

తిరుపాలును బయటికి పిలిచి అడిగాను. అతను చెప్పింది ఇది. కొత్త పడుగులు ఇంత తొందర తొందరగా అతకాలంటే మనుషులు దొరకడం లేదు. ఈ వీధిలో అతుకు పని చెయ్యగలిగింది జయమ్మే. ఆమెకు వేరే బతుకు కూడా లేదు, రెండేళ్ళుగా షెడ్డు షెడ్డు తిరిగి అతుకుతోంది. "నువ్వే కదన్నా మగ్గం ఖాళీ పెట్టొద్దంటివి. ఆమె కాకుంటే ఎవరుండారు ఈడ?"

ఎంత తెలివి. నా షెడ్డులోకి నా పట్టు పట్టుకుని, నా కూలి తీసుకుంటూ వచ్చి కూర్చుంది. ఎన్ని మగ్గాలున్నాయి, తాళం ఏ రకం, పొద్దున ఎన్నింటికి తెరుస్తారు, అన్నీ చూసి వెళ్ళి వకీలుకు చెప్పడానికి. లెమ్మన్నాను. ఆమె లేచి చేతులు కడుక్కుంది. సగం అతికిన పడుగు వైపు ఒకసారి చూసి, "ఇది ఎండకు పెట్టొద్దు తిరుపాలూ" అని వెళ్ళిపోయింది. 

ఆ షెడ్డులో మగ్గాలెన్నో ఆమెకు ఎట్లాగూ తెలుసు కదా అని రైల్లో అనిపించింది. అయినా సరే.

జూలై 12

నాలుగో మగ్గం ఆగింది. అతికే మనిషి దొరకలేదని తిరుపాలు ఫోన్. దొరకలేదని కావాలనే అంటున్నాడు.

జూలై 19

బైకు మీద ఎవడో వచ్చి షెడ్డు డోర్ నంబరు ఫోటో తీసుకున్నాడని తిరుపాలు చెప్పాడు. ఎవరని అడగలేదంట. ఎవరికైనా డోర్ నంబరు ఫోటో ఎందుకు?

సోమవారం సంతకానికి వస్తానని ప్రవీణ్‌కు మెసేజ్ పెట్టాను.

జూలై 21, సోమవారం

ప్రవీణ్ ఆఫీసుకు పోయి అఫిడవిట్ సంతకం పెట్టాను. ఊరికే పెట్టలేదు. ప్రతి లైనూ తెలుగులో చెప్పించుకున్నాను, రెండుసార్లు. కాగితం చదవకుండా సంతకం పెట్టేవాడు గొర్రె. గంటన్నర పట్టింది. ప్రవీణ్ ఓపిగ్గానే చెప్పాడు. అమరాపురం చేను కింద ఒక ఎకరా తక్కువ రాయించాలని చూశాను, అతను ఒప్పుకోలేదు.

స్టే పిటిషన్ ఈ రోజే వేశాడు. 28న వింటారట. వారం రోజులు. వారంలో ఏమవుతుంది?

జూలై 24, గురువారం

అయిపోయింది.

పదకొండింటికి తిరుపాలు ఫోన్ చేశాడు. అమీనా, ఇద్దరు కానిస్టేబుళ్ళు, జయమ్మ, ఆమె వకీలు. కారు మాట్లాడుకుని పోయాను. పెనుకొండ దాటాక టైరు పంక్చరైంది. డ్రైవరు స్టెప్నీ మార్చేంతసేపు ఆ రోడ్డు పక్కన నిలబడి ఆ కొండనే చూశాను. నేను చేరేటప్పటికి పంచనామా రాసేశారు.

తగువు లేదు, అరుపులు లేవు. ఒక్క మగ్గమూ కదల్లేదు. ఎందుకు కదులుతుంది? అవార్డులో షెడ్డు కూడా ఆమెదే అని ఉంది. మగ్గాలు ఎక్కడున్నవి అక్కడే. అమీనా నా తాళం తీసి, ఆమె తాళం ఆమె చేతికిచ్చి, నన్ను చూసి ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. నేను పెట్టలేదు. పెట్టకపోయినా పర్వాలేదని రాసుకున్నాడు. అయిదు మగ్గాల మీద నేను పంపిన పట్టు, కొత్త పడుగులు, మెరుస్తున్నాయి. ఆగిపోయిన నాలుగో దాని మీద కూడా సగం. ఒక నెలలో నా దగ్గరున్న మంచి పట్టంతా తెచ్చి నేనే ఆ మగ్గాలకెక్కించాను. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే.

నల్లమ్మ మగ్గం మీద నుంచి లేవలేదు. అమీనా ఉన్నంతసేపూ నేస్తూనే ఉంది.

స్టే లేదని వాళ్ళకెట్లా తెలుసు? జయమ్మ వకీలు ముసలాయన, హనుమంతు వయసు వాడు. ఆయన కూడా కేసు ఉంటే ఆగిపోతుందనే అనుకుంటాడు కదా? ఏప్రిల్ నుంచి ఊరకే ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి జూన్ ఆఖరులో అమలుకు వేశారంట. ఎవరో చెప్పారు. నాకు స్టే లేదని తెలిసినవాళ్ళు నలుగురే. ప్రవీణ్, హనుమంతు, తిరుపాలు, సావిత్రి.

జూలై 25

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.

సావిత్రి స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్ చూశాను. జయమ్మకు జూన్‌లో ఆరు ఫోన్లు, జూలైలో ఎనిమిది. బయటికి వచ్చాక ఫోన్ ఆమె ముందు పెట్టి అడిగాను. ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?

మోకాళ్ళ నొప్పులు, నల్లమ్మ కూతురి కాన్పు, చర్చిలో ఎవరో పోయింది, అంది. పద్దెనిమిదేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, ఇప్పుడు ఎందుకు మానాలి అంది. నువ్వే చెప్పావు, స్టే లేదని నువ్వే చెప్పి నా కొంప ముంచావు అన్నాను. ఇంకా చాలా అన్నాను.

సావిత్రి గొంతు పెంచే మనిషి కాదు. తల తుడుచుకుంటూనే అంది. "ఏసురత్నం సమాధి మీద మట్టి ఆరకముందే ఆమెతో సంతకం పెట్టించినావు. బ్యాంకు కాగితమని చెప్తివి. సాక్షి అని నన్నూ పెట్టమంటివి, పెడితి. ఆ పొద్దే నేను నోరు తెరిచి ఉండాల్సింది. తెరవలేదు. నాకు చెప్పే అలవాటుంటే ఆ పొద్దే చెప్పుంటా."

మధ్యాహ్నం బస్సుకు పెనుకొండ వెళ్ళిపోయింది, వాళ్ళ చెల్లెలి ఇంటికి.

జూలై 26

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూలై 28

స్టే విచారణ. షెడ్డు చేతులు మారిపోయింది కదా, ఇంక ఆపడానికి ఏముంది అని జడ్జి గారు అడిగారు. స్టే ఇవ్వలేదు. 

బయటికొచ్చాక ప్రవీణ్ ఒక మాట చెప్పాడు. అసలు కేసు బతికే ఉందంట. అందులో గెలిస్తే షెడ్డు వెనక్కి వస్తుందంట. ఒక పాయింట్ బలంగా ఉందంట. డిజైను అట్టలు ఎవరివనే మాట పార్ట్‌నర్‌షిప్ కాగితంలోనే లేదు. లేనిదాని మీద పెనుకొండ జడ్జి గారు తీర్పు ఇవ్వకూడదు. "దీని మీద మనం గెలవొచ్చన్నా, నిజంగానే గెలవొచ్చు" అన్నాడు. సెప్టెంబరు 18న వాదనలు.

జూన్‌లోనే అతని మాట విని ఉంటే అని అనలేదు అతను. అనే హక్కుంది. ఎందుకు అనలేదో.

జూలై 30

సంగటి చేసుకున్నాను. ఉండలు కట్టింది.

ఆగస్టు 3, ఆదివారం

ప్రవీణ్ మీద బార్ అసోసియేషన్‌కు ఫిర్యాదు రాయాలా, తిరుపాలు మీద పోలీసులకా అని ఆలోచిస్తున్నాను. సాక్ష్యం కావాలి కదా. తేదీలన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరు ఏ రోజు ఏమన్నారో మొదటి నుంచి చదివి ఒక కాగితం మీద రాసుకుంటే తీగ దొరుకుతుంది. రేపు కూర్చుంటాను.

ఆగస్టు 4

జూన్ 12 చదివాను.

ఆగస్టు 5

మళ్ళీ చదివాను. "స్టే చేతికి రానీ." నా చేత్తో నేనే రాశాను. దాదాపు రెండు నెలలు నా కళ్ళ ముందే ఉంది.

జయమ్మ భయపడలేదు. విని, ఆలోచించుకుని, వకీలు దగ్గరికి పోయింది. ఎవరైనా అదే చేస్తారు.

ఆగస్టు 6

ఎవరికీ చెప్పను.

ఆగస్టు 10, ఆదివారం

పెనుకొండ పోయాను. వాళ్ళ చెల్లెలు కాఫీ ఇచ్చి, పని ఉన్నట్టు పెరట్లోకి పోయింది. సావిత్రి చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. నేనూ నాలుగు తీసుకుని ఒలిచాను. అరగంట.

చెప్పినది నువ్వు కాదు అన్నాను. ఇంకో కాయ తీసుకున్నాను.

సావిత్రి తలెత్తకుండానే అంది. "ఆ పొద్దు నువ్వు ఫోన్‌లో అరస్తాంటే నేను వంటింట్లో ముద్ద కెలుకుతా ఉంటిని. అంతా ఇనింటి. నీకెప్పుడు తెలుస్తుందా అని సూస్తాండా."

మరి నేను అన్ని మాటలంటుంటే అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. చెప్పుంటే నమ్మేవాడివా అంది.  నమ్మేవాణ్ణి కాదు. ఆమె కూడా నా మీద తోసేస్తోందని ఈ డైరీలో రాసుకునేవాణ్ణి.

సాయంత్రం బస్సులో ఇద్దరం వచ్చాం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కేసు మాట ఎత్తలేదు.

ఆగస్టు 11

అయినా కేసు వదలను. తప్పు ఫోన్‌ది, కేసుది కాదు. అట్టల పాయింట్ బలంగా ఉంది.

ఆగస్టు 29

తిరుపాలు ఇప్పుడు జయమ్మ దగ్గరే నేస్తున్నాడు. మార్కెట్లో కనిపిస్తే నమస్కారం పెట్టాడు. ఏమిస్తోంది ఆమె అని అడిగాను. నువ్వు ఇచ్చిన కూలే అన్నాడు. ఎన్ని చీరలు దిగాయి నా పడుగుల మీద అని అడగాలనుకుని, అడగలేదు. అడిగితే ఆ పట్టు మీద ఆశ ఉందని తెలిసిపోతుంది. పోయిన పట్టు పోయింది. కేసు గెలిచాక అన్నీ కలిపి రాబడతాను.

సెప్టెంబరు 17

రేపు వాదనలు. ప్రవీణ్ రాసుకున్నదంతా నాకు చదివి వినిపించాడు. బాగుంది. కుర్రవాడు పనిమంతుడు. వాళ్ళ వకీలుకు దానికి జవాబు దొరకదనుకుంటాను. ఇద్దరూ ఒకే కాలేజీ అన్నది వట్టి మాటేనంట, ఆ ముసలాయన చదివింది మైసూరులో.

సెప్టెంబరు 18, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకు కోర్టు వరండాలో కూర్చున్నాను. మా కేసు మధ్యాహ్నానికి పిలుస్తారన్నారు. జయమ్మ వచ్చింది. ఒంటరిగా వచ్చింది, రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులు, ధర్మవరం నుంచి రైల్లో మోసుకుని. నేరుగా నా దగ్గరికే వచ్చింది. సంచులు నా కాళ్ళ దగ్గర పెట్టింది. బెంచీ చివర కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"నీ పడుగులు అయిపోయినాయి అన్నా. పద్దెనిమిది చీరలు. సూసుకో" అంది.

నాకు అర్థం కాలేదు. ప్రవీణ్‌కు ముందు అర్థమైంది, లేచి నిలబడ్డాడు. పంచనామాలో పడుగుల ఊసే లేదు, అడిగే దారి కూడా మనకు లేదు అని నా చెవిలో అన్నాడు. ఎందుకు తెచ్చావమ్మా అని ఆమెనే అడిగాడు.

పడుగు ఎవరిదో చీర వాళ్ళదే కదా సామీ, మేము ఎప్పుడూ అట్లే చేస్తాం అంది. అంతే. గొప్పగా చెప్పలేదు. ఉప్పు అయిపోయింది అన్నట్టు చెప్పింది.

నేను వల ఎక్కడుందో వెతికాను. నిజం రాస్తున్నాను కదా, అదీ రాయాలి. ఈ చీరలు తీసుకుంటే షెడ్డు ఆమెదని ఒప్పుకున్నట్టు అవుతుందేమో. మడతలు విప్పి ఒక్కొక్క చీరా చూశాను, నలుగురూ చూస్తుండగా. కొలత సరిగ్గా ఉంది. జరీ సరిగ్గా ఉంది. నాలుగో మగ్గం చీరలు కూడా ఉన్నాయి, నేను ఆమెను లేపి పంపిన చోట సగం మిగిలిన అతుకు ఆమే వచ్చి పూర్తి చేసుకున్నట్టుంది.

సంచిలోంచి ఒక కాగితం తీసింది. చీరలు ముట్టినట్టు సంతకం పెట్టమంది. ఇదే వల అనుకున్నాను. తీసుకుని చదివాను. తెలుగులో, ఎవరో చదువుకునే పిల్ల చేత రాయించినట్టుంది, గుండ్రని అక్షరాలు. ఒకటో మగ్గం మూడు చీరలు, రంగులు. రెండో మగ్గం మూడు చీరలు, రంగులు. ఆరింటికీ అట్లాగే. కింద ఒక లైను. మూడో మగ్గం ఆకుపచ్చ చీర అంచులో ఒక పోగు తెగింది, ఆ తప్పు నేసిన మాది. షెడ్డు మాట లేదు. కేసు మాట లేదు. రెండోసారి చదివాను. కాగితం వెనక్కి తిప్పి చూశాను. మూడోసారి మొదలుపెట్టాను.

జయమ్మ అంది. "నిదానంగా సదువుకో అన్నా. నాకేం తొందర ల్యా. రైలు సాయంత్రానికి."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే చెప్పింది. నీళ్ళ సీసా తీసి తాగింది, కొంగుతో మూతి తుడుచుకుంది, నా కోసం ఆగి కూర్చుంది.

ఏసురత్నం పోయినప్పుడు, ఆ సంతకానికి ముందు ఆమెకు నేనిచ్చినది ఎంతసేపు? సావిత్రి పెన్ను మూత తీసేంతసేపు. జయమ్మ ఏడుస్తోంది. ఇది దేనికన్నా అని అడిగింది. బ్యాంకుదిలేమ్మా, పెట్టు అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఏసురత్నం స్నేహితుణ్ణి కదా, నన్ను నమ్మింది.

కాగితం మీది అక్షరాలు కనిపించలేదు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. యాభై ఏడేళ్ళు వచ్చాయి, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. మూడోసారి చదవకుండానే సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె మడిచి రవికలో పెట్టుకుని, వాళ్ళ వకీలు కోసం లోపలికి పోయింది.

కేసు వాపసు తీసుకుంటున్నట్టు కాగితం రాయమన్నాను ప్రవీణ్‌ను. అతను ఒప్పుకోలేదు. మనం గెలిచే కేసు ఇది, ఇంటికి పోయి రెండు రోజులు ఆలోచించుకోండి, వాయిదా నేను అడుగుతాను అన్నాడు. మంచివాడు. నా మేలు కోసమే చెప్పాడు.

"రెండు దినాలిస్తే నేను మారిపోతా. నా సంగతి నాకు తెలుసు. ఇప్పుడే రాయి" అన్నాను. "సంతకం అయినాక రేపు నేనొచ్చి కాళ్ళు పట్టుకున్నా తిరిగి ఇయ్యొద్దు."

అతను రాశాడు. పెట్టాను. కేసు పిలిచినప్పుడు జడ్జి గారు నన్ను ముందుకు రమ్మని, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. లేదన్నాను. ఆర్డరు చెప్పేసి ఇంకో కేసు కట్ట తీసుకున్నారు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎవరినీ నమ్మనివాణ్ణి, నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి? ఇంటికొచ్చి సావిత్రికి చెప్పాను. ఆమె చీరలన్నీ మంచం మీద పరిచి చూస్తోంది. నేను రీలింగ్ గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇప్పటికే రెండుసార్లు ఫోన్ తీసి ప్రవీణ్ నంబరు నొక్కబోయాను, అట్టల పాయింట్ బలంగా ఉంది కదా, ఇంకేమైనా దారి ఉంటుందేమో అని. టైము చూస్తే ఆరు దాటింది. కోర్టు మూసేసి ఉంటారు.